నాలుగు స్క్రూలూ, కొట్లో పరుపూ

నా నడుములో నాలుగు స్క్రూలున్నాయి. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నా మొహం చూడరు, "ఏదండీ, ఓసారి అటు తిరగండి" అంటారు. తలుపుకి గొళ్ళెం బిగించినట్టు బయటికి కనిపిస్తాయనుకుంటారో ఏమో మరి!

మాది నరసాపురంలో బట్టల కొట్టు. నాన్న పెట్టింది. అద్దాలూ కౌంటర్లూ ఏమీ ఉండవు. గోడ నుంచి గోడ దాకా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి, మూలగా ఆనుకోడానికి ఓ బాలీసు. కొనేవాళ్ళూ కిందే, అమ్మేవాడూ కిందే. "కొనడానికొచ్చినవాళ్ళ కంటే బెత్తెడు ఎత్తులో కూడా కూర్చోకూడదురా" అనేవాడు నాన్న. ముప్పై ఏళ్ళు ఆ పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చీరలు విప్పాను. కూర్చున్నచోటు నుంచి కదలకూడదు. నడుం ఒక్కసారి మెలితిప్పి విసిరితే చీర వెళ్ళి పెళ్ళికూతురి మోకాళ్ళ ముందు కొంగు పైకొచ్చేలా పడాలి. నా అంత బాగా విసిరేవాడు ఈ బజార్లో లేడు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, నిజం. ఆ మెలితిప్పుడే నా కొంప ముంచిందని తర్వాత తెలిసింది.

మొదట ఎడమకాలు తిమ్మిరెక్కేది. తర్వాత రేవు దాకా నడవాలన్నా దారిలో రెండుచోట్ల ఆగాల్సి వచ్చేది. చివరికి మా ఆవిడ నన్ను రాజమండ్రి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరుగారు ఫిలిం వెలుతురుకి పెట్టి చూపించారు.

"ఈ పూస దీని మీంచి ముందుకి జారిపోయిందండి. రెండిటినీ కలిపి బిగించేద్దాం. కొన్నాళ్ళకి ఒకే ఎముక అయిపోతుంది."

"ఒకటైపోతే మరి వంగడం ఎలాగండీ?"

"వంగరండి" అన్నారాయన, చాలా మర్యాదగా.

ఆపరేషనైన మర్నాడే నిలబెట్టి నడిపించారు. మా అమ్మాయి వయసున్న ఫిజియోథెరపీ అమ్మాయి ఒకతి వచ్చి, మంచం మీంచి ఎలా లేవాలో నేర్పింది. నడుం తిప్పకుండా, భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా దుంగలాగ పక్కకి దొర్లాలట. నాకు రెండు రోజులు పట్టింది. మా ఆవిడకి మాత్రం రెండు నిమిషాల్లో వచ్చేసింది. అప్పటినుంచి ఇంట్లో ఆవిడే డాక్టరు. "దొర్లండి! మోకాళ్ళు ముడవండి! మోచెయ్యి ఆనించండి!" అని వంటింట్లోంచే కేకలు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఆవిడ చెప్పినట్టు విన్నది ఆ మూడు నెలలేనని ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ఇక పలకరించడానికి వచ్చేవాళ్ళు. మావైపు మర్యాదకి లోటుండదు. బత్తాయిలు తెస్తారు, మంచం పక్కన కూర్చుంటారు, "మీకేం పర్లేదండీ" అంటారు. అక్కడితో ఆగితే బాగుణ్ణు! "మా తోడల్లుడిగారికీ ఇదే ఆపరేషనండీ..." అని మొదలెట్టి, పైకి చూసి ఓ నిట్టూర్పు విడిచి, "సర్లెండి, ఇప్పుడవన్నీ ఎందుకు" అని కాఫీ తాగి వెళ్ళిపోయాడొకాయన. ఆ తోడల్లుడికి ఏమైందో తెలీక నేను వారం రోజులు గుటకలు మింగాను. తీరా కనుక్కుంటే ఆయన రోజూ సైకిలు మీద పొలం వెళ్ళొస్తున్నాడట. ఇంకొకాయన "ఉరుములప్పుడు మాత్రం అరుగు మీద కూర్చోకండేం, ఒంట్లో లోహం ఉంది" అన్నాడు. నేను నవ్వి పారేశాను. మబ్బు పడితే మాత్రం గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

మూడో నెలలో కొట్టుకి వెళ్ళడానికి డాక్టరుగారు ఒప్పుకున్నారు. "కానీ నేల మీద కూర్చోవడం ఇప్పట్లో కుదరదండి. తర్వాత కూడా మర్చిపోతేనే మంచిది" అన్నారు. ఆ పరుపు మీద కూర్చోలేకపోతే నేనింకెవర్ని? గుమాస్తా వెనక గదిలో మూటల కింద పడున్న పాత చెక్క కుర్చీ దుమ్ము దులిపి తెచ్చి వేశాడు. నేను దాంట్లో కూర్చోలేదు. కొనేవాళ్ళు కిందుంటే నేను వాళ్ళ నెత్తిన కూర్చుంటానా? నాన్న పటం గోడ మీంచి చూస్తోందాయె! నిలబడే చీరలు చూపించడం మొదలెట్టాను.

అదింకో తంటా. మావాళ్ళు మర్యాదస్తులని చెప్పాను కదా. "మీరు నిలబడుంటే మేం కూర్చోవడం ఏం బావుంటుందండీ?" అని వాళ్ళూ నిలబడేవాళ్ళు. "కూర్చోండి." "మీరు కూర్చోండి." "నాకు కుదరదండీ." "అయితే మాకూ పర్లేదండీ." నిలబడ్డవాళ్ళు పెళ్ళిచీరలు తీస్తారా ఎక్కడైనా? ఒక జాకెట్టు ముక్క తీసుకుని వెళ్ళిపోయేవారు. పరుపు ఖాళీ. ఇంటికొచ్చి అన్నం కూడా సయించేది కాదు.

ఆ ఖాళీ పరుపు చూస్తుంటే అమ్మ గుర్తొచ్చేది. ఒకప్పుడు అమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి బాలీసు పక్కన కూర్చుని, కొత్త సరుకు తడిమి చూసి వంకలు పెట్టేది. ఒకరోజు పెళ్ళివారితో కొట్టు కిక్కిరిసి ఉంటే విసుక్కుని, "అమ్మా, ఇవాళ ఇంటికెళ్ళరాదూ, చోటు చాలట్లేదు" అన్నాను. అంతే, మళ్ళీ పరుపెక్కలేదు. గుడి నుంచి వస్తూ కొట్టు మెట్టు దగ్గర ద్వారబంధం పట్టుకుని నిలబడేది. "లోపలికి రామ్మా" అంటే "తర్వాత వస్తాలేరా" అనేది. కోపం వచ్చిందనుకున్నాను. నాకూ పౌరుషం తక్కువేం కాదు, కొన్నాళ్ళు పిలిచి మానేశాను. అమ్మ పోయి నాలుగేళ్ళయింది.

శ్రావణమాసం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం గోదావరి అవతల నుంచి పంటు మీద ఏరు దాటి, ఆటో మాట్లాడుకుని ఒక పెళ్ళివారు దిగారు. పెళ్ళికూతురు, తల్లీ తండ్రీ, మేనత్త. నాయనమ్మ మాత్రం ఆటోలోనే ఉండిపోయింది. "లోపలికి రండమ్మా" అని పిలిస్తే, "పర్లేదు బాబూ, ఇక్కడ గాలి బాగుంది" అంది. శ్రావణమాసపు ఉక్కలో ఆటోలో గాలేంటో నాకర్థం కాలేదు.

తతిమ్మావాళ్ళు నన్ను చూసి నిలబడిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఏమైతే అదయిందని గోడ పట్టుకుని, నెమ్మదిగా మోకాళ్ళ మీద దిగి, పరుపు మీద కూర్చున్నాను. "అయ్యా, డాక్టరుగారు..." అన్నాడు గుమాస్తా. "నువ్వు ఆ ఉప్పాడ చీరలు దించు" అన్నాను.

అబ్బ, ఏం చెప్పమంటారు! నొప్పి లేదు, గిప్పి లేదు. నడుం తిప్పకుండా ఉత్త చేత్తోనే విసిరాను, కొంగు పైకే పడింది. నవ్వించాను, వంకలకి జవాబు చెప్పాను, ఒక్కో చీరా వాళ్ళచేతే మెప్పించాను. రెండు గంటల్లో పెళ్ళిబట్టలన్నీ తీయడం అయిపోయింది.

మా కొట్లో ఒక ఆనవాయితీ ఉంది. మధుపర్కాలకి పసుపు రాసి, కొట్టాయన లేచి, తూర్పుముఖంగా నిలబడి, పెళ్ళికూతురి తల్లి చేతికి ఇవ్వాలి. అది నాన్న పెట్టింది. అది కాందే ఎవరూ లేవరు. ఆవిడ కొంగు సర్దుకుని చూస్తోంది. నేను లేవబోయాను. కాళ్ళు నావి కావు! నడుం కొయ్యబారిపోయింది. చచ్చినంత పనయింది.

"ఇంకో నాలుగు చూపిస్తానండీ, ఇవి నిన్ననే వచ్చాయి" అన్నాను.

వాళ్ళు మొహమొహాలు చూసుకుని నాలుగు చూశారు. ఒకటి తీశారు. నేను లేవలేదు. "పంచెలు చూస్తారా?" చూశారు. తీశారు. నేను లేవలేదు. నాకు చెమటలు. పెళ్ళికూతురి తండ్రి మేనత్తతో గుసగుసగా అనడం వినపడింది, "కొట్టాయన లేవట్లేదే అక్కా, ఇంకా తీయమని కాబోలు." "పోనీ ఓ నాలుగు తువ్వాళ్ళు తీసెయ్యరా" అందావిడ. తువ్వాళ్ళయ్యాయి. దుప్పట్లయ్యాయి. అయ్యో రామ, దిండుగలీబులు కూడా అయ్యాయి! నిజం చెప్పడానికి నోరు రాదు, ఒంట్లో ఏ స్క్రూ ఊడిందోనని భయం ఒకపక్క.

గుమాస్తా చాటుగా ఫోను చేసినట్టున్నాడు. మా ఆవిడ ఊడిపడింది. ఒక్క చూపు చూసింది. అంతా అర్థమైపోయింది ఆవిడకి.

"దొర్లండి!"

"అందరూ ఉన్నారే..."

"దొర్లండంటున్నానా!"

ఆ పట్టుచీరల మధ్య దుంగలా దొర్లాను. పెళ్ళివారు గబగబా చీరలు లాగేసుకున్నారు. "మోకాళ్ళు ముడవండి! మోచెయ్యి! ఇప్పుడు ఆ కుర్చీ పట్టుకోండి!" పెళ్ళికూతురి తండ్రి ఒక రెక్కా, గుమాస్తా ఒక రెక్కా పట్టుకున్నారు. చెక్క కుర్చీ ఆసరాతో లేచి నిలబడ్డాను. తల కొట్టేసినట్టయింది. అయినా ఆ ఊపులోనే మధుపర్కాలు ఆవిడ చేతికిచ్చేశాను. "ఉత్తరం వైపు తిరిగారయ్యా" అన్నాడు గుమాస్తా. తూర్పుకి తిరిగి మళ్ళీ ఇచ్చాను.

అప్పుడు ఆటోలోంచి నాయనమ్మ గొంతు. "అమ్మాయ్, ఆ కుర్చీ ఎవరికైనా కావాలా? ఖాళీయేనా?"

మా ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ముసలావిడ హమ్మయ్య అని కాళ్ళు చాపుకుంది. "నీకు నడుమా బాబూ? నాకు మోకాళ్ళు. బట్టల కొట్టు లోపలికెళ్ళి ఆరేళ్ళయింది. కూర్చుంటే లేవలేను. నలుగురు కలిసి లేపుతుంటే నామర్దా కదా. అందుకని మెట్టు దగ్గరే, తర్వాత వస్తాలే అనేస్తాను" అంది.

ఇంట్లో అమ్మ ఆఖరి రోజుల్లో పీట మీద కూర్చోవడం మానేసి మంచం మీదే అన్నం తినేది. రోజూ చూశాను. చూసి కూడా కొట్లో సంగతీ అదీ కలిపి ఆలోచించలేదు.

మా ఆవిడ నా పక్కకొచ్చి మెల్లిగా అంది. "అత్తయ్యగారికీ అంతేనండీ. మీతో చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. కొట్టువాడి తల్లి పరుపు మీంచి లేవలేకపోతే పరువు తక్కువ అనేవారు."

ఏడుపొచ్చింది. చీరల బీరువా వైపు తిరిగి నిలబడ్డాను. వెనక నాయనమ్మ అప్పటికే తనకో చీర కావాలని బేరం మొదలెట్టేసింది. ఆరేళ్ళ బేరం బాకీ ఉంది కాబోలు, గుమాస్తాకి చుక్కలు చూపించింది.

తర్వాత రాజమండ్రిలో ఎక్స్‌రే తీసి, స్క్రూలన్నీ ఉన్నచోటే ఉన్నాయని చెప్పి, డాక్టరుగారు నన్ను మర్యాదగా తిట్టారు. పరుపు సగానికి మడిచేశాం. మిగతా సగంలో కుర్చీలు వేశాం. ఇప్పుడు నేనూ కుర్చీలోనే, ఎదురుగా వాళ్ళూ కుర్చీల్లోనే, బెత్తెడు తేడా లేదు. మెట్టు దగ్గర ఎవరైనా ముసలావిడ ఆగి "తర్వాత వస్తాలే బాబూ" అంటే నేను ఊరుకోవడం లేదు.

ఒకరోజు వెనక గది నుంచి మెట్టు దాకా నడిచి చూశాను. అమ్మ నిలబడే చోటికి పదకొండు అడుగులు. ఆ కుర్చీ అన్నాళ్ళూ ఆ వెనక గదిలోనే, మూటల కింద ఉంది.