బాణం తోక వైపు

టీచరమ్మ ఇక లేదని ఫోన్ వచ్చినప్పుడు ఈ అరబ్బు దేశంలో, సీబ్‌లో మా మేడం ఇంట్లో చపాతీలు కాలుస్తున్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. డ్యూటీ వదిలి వెళ్లే వీలు లేక ఆఖరి చూపు కూడా చూడలేకపోయాను. పెట్టెలో పెట్టి ఊరికి పంపేశారు. ఈ బాధ మీకు కాక ఎవరికి చెప్పుకోను?

ఆమెది గోదావరి, నాది కడప. ఇక్కడే ఘుబ్రాలో ఓ స్కూల్లో చరిత్ర చెప్పేది, ఒంటరి మనిషి. ఇక్కడ వారం సెలవు శుక్రవారమే గనక, ఇళ్లల్లో పనిచేసే మాలాంటి ఆడవాళ్లం ఆ రోజు ప్రార్థనకు ఆమె గదిలో చేరేవాళ్లం. మొదటిరోజే నేను నోరు జారాను.

"గంట ల్యా, సిలువ ల్యా, ఇదేం చర్చి టీచరమ్మా?"

"మొట్టమొదటి చర్చిలు ఇళ్లేనే, పిచ్చిమొహమా! రెండు గదుల మధ్య గోడ తీసేసి కూర్చునేవారు. మనం గోడ తీస్తే ఓనరు ఊరుకోడు గానీ, రా, ఈ బీరువాకి ఓ చెయ్యెయ్యి."

ప్రతి శుక్రవారం ఆ బీరువా జరిపాకే ప్రార్థన.

ఒకసారి పుస్తకంలో ఆ కాలపు గోడబొమ్మ చూపించింది. గొర్రెను భుజాన మోస్తున్న కుర్రాడు. ఏసయ్యట!

"గడ్డం ల్యాకుండా ఏసయ్య ఎట్లయితాడు?"

"అప్పటికింకా గడ్డంతో గీసే అలవాటు రాలేదులే. మొహం సంగతెందుకు, భుజమ్మీద గొర్రెని చూడు. అది నువ్వే."

ఏడుపు ఆగలేదు నాకు. ఈ దేశం వచ్చాక నన్నూ ఒకరు మోస్తారన్న ఆలోచనే పోయింది.

ఆ గది కప్పుకు ఓ బాణం గుర్తు ఉండేది. నేను ఏసీదనుకున్నాను. నమాజుకు మక్కా దిక్కు చూపించే బాణమట, ఇక్కణ్ణించి పడమర. తొలినాటి క్రైస్తవులేమో తూర్పుకు తిరిగి, చేతులు చాచి ప్రార్థించేవారట. అందుకే టీచరమ్మ ప్రతిసారీ అరిచేది, "బాణం తోక వైపు తిరగండమ్మా!" అందరం నవ్వుకుంటూ తిరిగేవాళ్లం.

ఇప్పుడా గది వేరేవాళ్లకిచ్చేశారు. మావాళ్లు తలోదిక్కయ్యారు. శుక్రవారం వస్తే ఎక్కడికి పోవాలో తెలియడం లేదు. నేను పడుకునే ఇస్త్రీ గదికి కిటికీ లేదు, బాణమూ లేదు. తూర్పెటో ఎవరిని అడగను?

మొన్న నా పక్కగదిలో ఉండే మేడం వాళ్ల ముసలి తల్లిని సైగలతో అడిగాను, నమాజు ఎటు తిరిగి చేస్తావని. ఆమె తన గదిలో, మా రెండు గదుల మధ్య గోడకు ఎదురుగా ఉన్న గోడ చూపించింది. నా గదిలోకి వచ్చి ఆ పడమటి దిక్కుకు వీపు పెట్టి నిలబడ్డాను. వెనక గోడకవతల ఆమె నమాజు మాటలు సన్నగా వినబడుతున్నాయి. చేతులు చాచాను. ఇస్త్రీ బల్ల అడ్డం వచ్చింది. జరుపుదామని, అలవాటుగా, "ఓ చెయ్యెయ్యి టీచరమ్మా" అనేశాను.