నాలుగుంపావు సంతకం

ఇరవై తొమ్మిదేళ్లు తన పనిని పనివేళల్లోనే ముగించిన ఒక ఉపాధ్యాయురాలి వార్షిక నివేదికలో ‘అంకితభావం’ అన్న గడికి ఎదురుగా ఏటేటా ఒకే మాట రాశారు: సాధారణం. పాఠం చెప్పడంలో లోపం చూపలేదు. ఫలితాల్లో లోటు చూపలేదు. సాయంత్రం నాలుగుంపావుకు రిజిస్టరులో సంతకం చేసి గేటు దాటుతుందన్నదే నేరం. ఇది అన్యాయం.

ఆమె పేరు మేబెల్. రెజిమెంటల్ బజార్‌లోని ఒక పాత బడిలో 1996 జూన్‌లో లెక్కల టీచరుగా చేరింది. తోటి టీచర్లు నోటుపుస్తకాల కట్టలు ముందేసుకుని ఆరింటి దాకా దిద్దేవారు. మేబెల్ బల్ల మీద నాలుగింటికి ఒక్క పుస్తకమూ మిగిలేది కాదు. పిల్లలు లెక్క చేస్తుండగానే ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ల ఎదుటే దిద్దేది. తప్పు దొరికితే ఎర్రసిరా పెన్ను పిల్లల చేతికే ఇచ్చేది. తన తప్పు చుట్టూ తానే సున్నా చుట్టిన పిల్ల ఆ తప్పు మళ్లీ చేయదని ఆమె నమ్మకం. ఆ నమ్మకానికి సాక్ష్యంగా ఇరవై తొమ్మిది పదో తరగతి ఫలితాల నకళ్లు, ఏడాది వారీగా దారంతో కుట్టి, ఆమె బీరువాలో ఉన్నాయి.

ఆమె వెళ్లేది మెట్టుగూడలోని ఇంటికి. భర్త రోనాల్డ్ గూడ్సు రైలు గార్డు. ఇప్పుడా కొలువుకు ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ, వేళాపాళా లేని డ్యూటీ మాత్రం మారలేదు. అందుకే క్రైస్తవుల ఇళ్లలో మామూలుగా రాత్రిపూట జరిగే కుటుంబ ప్రార్థనను వాళ్లు పెళ్లయిన కొత్తలోనే సాయంత్రం ఐదింటికి మార్చుకున్నారు. ఊళ్లో ఉన్ననాడు రోనాల్డ్ బల్ల దగ్గర కూర్చునేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక కాజీపేటలో గార్డుల విశ్రాంతి గది నుంచి ఫోన్లో కూడా గొంతు కలిపేవాడు. వెనుక రైలు కూతలు, ముందు అతని శ్రుతి తప్పిన పాట. పక్కింటి పుష్పమ్మ గోడ మీంచి తొంగిచూసి, “ఏందమ్మా, మీ దేవుడు సుత షిఫ్టు డ్యూటీనే చేస్తడా?” అని ఆటపట్టించేది.

ఈ ఏడాది మార్చి నెలాఖరున మేబెల్ పదవీ విరమణ. ఫిబ్రవరిలో బడి నడిపే కరెస్పాండెంట్ జెఫ్రీ ఆమెను పిలిచి ఒక ఫారం చేతికిచ్చాడు. అది యామిని వార్షిక నివేదిక; సీనియర్ టీచరుగా దాన్ని రాయాల్సింది మేబెల్. బోయిగూడ నుంచి వచ్చే యామిని రెండేళ్లుగా తాత్కాలిక టీచరు. మేబెల్ దగ్గరే ఆ ఎర్రపెన్ను పద్ధతి నేర్చుకుంది. ‘సాధారణం’ అని పడితే జూన్‌లో ఆమె ఉద్యోగం ఖాయం కాదు.

“మీకు రాసిందే ఆమెకూ రాసెయ్యండి మేడం,” అన్నాడు జెఫ్రీ.

“యామిని పని ఎక్కడన్న ఆగిందా సార్?”

“పని సంగతి కాదు. నాలుగైతే చాలు, బ్యాగు భుజాన ఏసుకుంటది. ఇంట్ల చంటిపిల్ల ఉందంటే అర్థముంది. షటిల్ ఆడనీకి పోతదట, షటిల్!”

“ఎన్నడన్న గెలిచిందా?”

“నాకేం ఎరుక?”

“రోజూ ఓడిపోతదట సార్. అయినా పోతది. తెల్లారి క్లాసుల ఆ హుషారు చూడుండ్రి జెర.”

“మీరు గిట్ల మాట్లాడ్తరు కాబట్టే హాల్లో మీ ఫోటో లేదు,” అని జెఫ్రీ చురక వేశాడు. బడి హాలు గోడ మీద ఉత్తమ టీచర్లుగా ఉన్నవన్నీ చీకటి పడ్డాక ఇంటికి చేరినవారి ఫోటోలే.

ఆ సాయంత్రం ప్రార్థన బల్ల మీద ఫారం ఉంది. రోనాల్డ్ దాన్ని తిరగేసి చూశాడు.

“నీది రాసినప్పుడు ఊకున్నవ్ కదా మేబెల్. ఇప్పుడెందుకు పరేషాన్?”

“నాది వాళ్లు రాసిండ్రు. ఇది రాసేది నేను.”

ఆ మాట అంటుంటే ఆమెకు మరో సంగతి తట్టింది. ‘చదివి అంగీకరించితిని’ అన్న గీత మీద ఇరవై తొమ్మిది సార్లు సంతకం చేసింది తానే. రిజిస్టరులో సంతకం చేసినంత తేలికగా అక్కడా చేసింది, బస్సు తప్పిపోతుందని. ఆ మౌనమే ఈనాడు యామిని మెడకు చుట్టుకుంది.

అయినా ప్రార్థనలో ఆమె గొంతులో చేదు లేదు. తన తప్పును తానే పట్టుకుని నవ్విన పిల్లల కోసం, కాజీపేట నుంచి వచ్చిన అపశ్రుతుల కోసం, పుష్పమ్మ వేళాకోళం కోసం, చల్లారకముందే తాగగలిగిన ఇన్నివేల కప్పుల టీ కోసం ఆమె స్తోత్రం చెప్పింది. అవన్నీ తనకు దక్కాయి. గోడ మీది ఫోటో ఒక్కటే దక్కలేదు. రోనాల్డ్ ‘ఆమెన్’ అని, పెన్ను మూత తీసి ఆమెకు అందించాడు.

‘అంకితభావం: ఉత్తమం. పని మిగల్చకుండా వెళ్లడమే అందుకు నిదర్శనం.’

‘సవరించి పంపగలరు’ అంటూ ఫారం రెండుసార్లు తిరిగివచ్చింది. రెండుసార్లూ ఒక్క అక్షరం మార్చకుండా మేబెల్ తిప్పి పంపింది. మార్చి ముప్పై ఒకటిన, ఎప్పటిలాగే నాలుగుంపావుకు, చివరి సంతకం చేసి ఇంటికి వెళ్లింది.

యాజమాన్య సంఘ సభ్యులారా! ఆ ఫారం ఇప్పుడు మీ బల్ల మీద ఉంది. జూన్ లోపు యామిని ఉద్యోగం ఖాయం చేయండి. మేబెల్ నివేదికల్లో ఇరవై తొమ్మిది చోట్ల రాసిన ఆ మాటను కొట్టివేసి, పక్కన సంతకాలు చేయండి. ఎర్రసిరాతో, మీ చేతులతోనే.