చెంగిచెర్ల దారిలో మా లేత్ షెడ్డు

పోయిన నెల కళ్లద్దాలు మార్పించుకోవడానికి ఉప్పల్ వెళ్లి, తిరుగు ప్రయాణానికి రింగు రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే, నడివయసు మనిషి ఒకడు బండి ఆపి హెల్మెట్ తీసి, "గేజు సారూ, గుర్తు పట్టలే?" అన్నాడు. ఆ పేరుతో నన్ను ఎవరైనా పిలిచి పదేళ్లు దాటి ఉంటుంది. నాగారం మామ కొడుకునని చెప్పాడు. తండ్రి ఉగాది తర్వాత పోయాడని కూడా చెప్పి, పని ఉందంటూ వెళ్లిపోయాడు. నా బస్సు వచ్చింది గాని ఎక్కబుద్ధి కాలేదు, అక్కడే సిమెంటు బల్ల మీద కూలబడ్డాను. మామ పోయాడన్న బాధ ఒకటైతే, ఆయనతో చెప్పుకోవలసిన మాట నా దగ్గరే ఉండిపోయిందన్న బాధ ఇంకొకటి.

నా ఈడు వాళ్లకు నాచారం ఫ్యాక్టరీల సైరన్లు గుర్తుండే ఉంటాయి. వాటిలో మా ఫ్యాక్టరీది ఒకటి. అణువిద్యుత్ కేంద్రాలకు కావలసిన ఉక్కు మూతలు, బుష్షులు చేయడం తప్ప మాకు వేరే పని ఉండేది కాదు. అవి ఎక్కడ బిగిస్తారో మాలో ఎవ్వరమూ చూసినవాళ్లం కాదు, ఊళ్లో ఎవరైనా అడిగితే కరెంటు పుట్టే కాడ అని చెప్పి ఊరుకునేవాళ్లం. నేను తనిఖీ విభాగంలో ఉండేవాణ్ణి, చేతిలో ఎప్పుడూ కొలత గేజు ఉండేది గనుక ఆ పేరు పడింది. మా బావ లేత్ మీద, అంటే ఉక్కును తిప్పుతూ కోసే మిషను మీద, టర్నరు. ఆయన కోసిన ఉక్కు మీద వేలు పెడితే అద్దం మీద పెట్టినట్టుండేది. అక్క చెంగిచెర్లలో నాలుగు బర్రెలను సాకి క్యాంటీనుకు పాలు పోసేది. అప్పటికింకా పల్లెలాగే ఉన్న మా ఊళ్లో, ఒకరు కూలికి పోయి, ఒకరు కూరగాయలు వేసి, ఒకరు గేటు ముందు మిరపకాయ బజ్జీలు కాల్చి, ఏదో ఒక దారిన ఆ ఫ్యాక్టరీ మీదనే బతికేవాళ్లు.

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు ఆర్డర్లు సన్నగిల్లాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. ఒకనాడు పొద్దున మేము పోయేసరికి గేటుకు తాళం, తాళం పక్కన నోటీసు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. నెల తిరగకముందే బజ్జీల బండి మాయమైంది, కూరగాయల వాళ్లు సంతలు వెతుక్కున్నారు, అక్క పోసే పాలు సగం మిగిలి పెరుగయ్యేవి. బావ అంబర్‌పేటలో ఒక ఫంక్షన్ హాలుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆయన్ని ఆ ఖాకీ చొక్కాలో చూసిన రోజు నేను పలకరించకుండా పక్క గల్లీలోంచి తప్పుకొని వచ్చాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా ఇంజనీరుగారు గోదావరి వైపు మనిషి. ఫ్యాక్టరీ మిషన్లను పాత ఇనుము కింద అమ్ముతున్నారని ఆయనే కబురు చేసి, బావ పనిచేసిన లేత్ తుక్కులో పోకముందే తెచ్చుకోమన్నారు. మేమింకా తర్జనభర్జన పడుతూ ఉండగానే అక్క ఎవరికీ చెప్పకుండా రెండు బర్రెలను తోలి అమ్మేసింది. బావ మండిపడ్డాడు.

"పాలిచ్చే బర్లను అమ్మి ఇనుము తెస్తవా?"

"పిండే చేతులుంటే ఇనుము గూడ పాలిస్తది. గా టోపీ వెట్టుకొని గేటు కాడ నిలవడుడు సాలిగ" అంది అక్క.

ఆ డబ్బుతో లేత్ తెచ్చి, ఊరి బయట అక్క వాళ్ల మెట్ట చెలక అంచున రేకుల షెడ్డు వేశాం. బోరు మోటర్ల షాఫ్టులు, అవి తిరిగే కడియాల్లాంటి బుష్షులు అరిగితే అంతకుముందు రైతులు నగరానికి మోసుకుపోయి రోజులకు రోజులు తిరిగేవాళ్లు. మా దగ్గర పూటలో పని అయ్యేది. ఘట్‌కేసర్ నుంచి, కీసర నుంచి, నాగారం నుంచి ఎడ్లబండ్ల మీద, ఆటోల మీద మోటర్లు వచ్చేవి. వచ్చినవాళ్లు కూర్చోవడానికి చెట్టు కింద ఒక చాయ్ బండి వెలిసింది, ఆ బండికి పాలు కావాలని అక్క మళ్లీ బర్రెను కొంది, మాతో పనిచేసిన ఇద్దరు టర్నర్లు వాచ్‌మన్ పనులు మానుకొని వచ్చారు. పని చేస్తూ బావ మళ్లీ ఈల వేయడం విన్నాం. అలసటగా ఉన్నా ఊరు ఊపిరి పీల్చుకుంటున్నట్టే ఉండేది.

నాగారం మామ వచ్చింది ఒక ఎండాకాలం, సాయంత్రం పూట. వరసకు మామ, బీర తోట రైతు, తోట పూత మీద ఉంది. బావ బుష్షు కోసిచ్చాడు, నేను అలవాటు కొద్దీ గేజు పెట్టి చూస్తే వెంట్రుకవాసి వదులుంది. పనికిరాదు, పొద్దున మళ్లీ చేసిస్తామన్నాను.

"అయ్యా, తోట మాడుతున్నది. గింతదానికి ఏమైతది? జర బిగియ్యుండ్రి" అని మామ బతిమాలాడు.

"బామ్మర్దీ, గిది బోరు మోటరు. అణు కరెంటు గాదు" అన్నాడు బావ కూడా.

నేను వినలేదు. మా షెడ్డు నుంచి ఒకటో రకం సరుకే పోవాలన్న పంతం నాది. పొద్దున కొత్త బుష్షు వేసి ఇచ్చాం. మోటరు నాగారం చేరేసరికి, పొలాలకు వంతులవారీగా ఇచ్చే కరెంటులో వాళ్ల వంతు దాటిపోయింది. ఆనాడే ట్రాన్స్‌ఫార్మరు కాలి, నాలుగు రోజులు కరెంటే రాలేదు. ముందు రోజు సాయంత్రమే బిగించి ఉంటే ఒక్క తడి అందేది. బీర తీగలు పందిరి మీదనే వడలిపోయాయి. ఆ వానాకాలమే మామ ఆ భూమిని ప్లాట్లు చేసేవాళ్లకు ఇచ్చేశాడు.

"అమ్మేటోడు ఎట్లయిన అమ్ముతడు, నువ్వెందుకు మనసుల వెట్టుకుంటవ్" అని అక్క ఓదార్చేది. నిజమే కావచ్చు. మామ కూడా ఒక్క మాట అనలేదు. పొలం లేకపోయినా అప్పుడప్పుడు వచ్చి మా షెడ్డు ముందు చాయ్ తాగి, మిషను తిరుగుతుంటే చూస్తూ కూర్చునేవాడు. ఎన్నిసార్లు తప్పు నాదేనని చెబుదామనుకున్నానో, ఆయనకు ఇంకో చాయ్ చెప్పి మళ్లీ గేజు పట్టుకునేవాణ్ణి.

భూమి అమ్ముకున్నది ఆయన ఒక్కడే కాదు. ఏటేటా ఒక్కొక్క చెలకలో ప్లాట్ల హద్దులు చూపే తెల్ల రాళ్లు లేచాయి. మోటర్లు వారానికి పది వచ్చేవల్లా నాలుగైనాయి, తర్వాత ఒకటీ అరా. కొత్త కాలనీల వాళ్లు మోటరు చెడితే బాగుచేయించరు, మార్చేస్తారు. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా రంగులు చల్లుకొని మిఠాయిలు పంచుకుంటుంటే మేమూ మనసారా సంతోషించాం. ఆ వారం మాత్రం షెడ్డుకు పని ఒక్కటీ రాలేదు. దసరాకు ఆయుధపూజ చేసి, ఆ మర్నాడు బావే స్విచ్ ఆపి, లేత్‌కు నూనె రాసి గోనెసంచి కప్పాడు.

మామ కబురు విన్న తర్వాతి ఆదివారం బావను తోడు తీసుకొని చెంగిచెర్ల వైపు పోయాను. షెడ్డూ, ఆ చెలకా చేతులు మారి ఏళ్లవుతోంది, అది ఎక్కడుండేదో చూద్దామని మా ఆశ. ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. ఈ గల్లీలోనే అని బావ, కాదు ఆ మెడికల్ షాపు వెనకాల అని నేను. ఎవరినైనా అడుగుదామంటే, అక్కడ మా కాలం నుంచి ఉన్నవాళ్లు ఒక్కరూ కనబడలేదు. ఫ్యాక్టరీ పోయినప్పుడు మళ్లీ లేచి నిలబడ్డామంటే అది మా తెలివి అనుకున్నాం గాని, చుట్టూ పొలాలుండబట్టి నిలబడ్డామని ఇంత ఆలస్యంగా అర్థమవుతోంది. ఆ పొలాల్లో పండించి బతికినవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడున్నారో, ఎవరి గేట్ల దగ్గర నిలబడ్డారో తెలియదు. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయని బావ అంటే, వాదులాట అక్కడికి ఆపి, ఇద్దరం ఆటో ఎక్కాం.