సైరన్‌కు పరుగెత్తిన డోలక్

ఆ రోజుల్లో గోదావరిఖనిలో గని సైరన్ మోగిందంటే మా క్వార్టర్లలో ఊయలలోని పిల్లలు కూడా కాళ్లాడించేవారు (కోతలు కోస్తున్నానని మా అక్క అంటుంది. కొంచెమే కోస్తున్నాను). నేను అప్పుడే గనిలో డ్యూటీకెక్కాను. ఒక డోలక్ కొనుక్కుని, దానితోపాటే సంగీతం కూడా ఇంటికి వచ్చేసిందనుకున్నాను. అక్కకు కాసిపేట సంబంధం ఖాయమైంది, దసరా దాటితే అత్తారింటికి. వెళ్లేలోపు తన జట్టుతో క్లబ్బు మైదానంలో ఒక్కసారి కోలాటం ఆడాలని ఆమె ఆశ. డోలక్ వాయించే వంతు నాది.

మొదటి రోజే నా వాయింపు విని అక్క డోలక్‌ను మంచం కిందికి తోసేసింది. "తాళం ముందుగాల కాళ్లకు రావాలెరా, చేతులకు తర్వాత. నడువు," అంది. సాయంత్రపు ఎండలో బొగ్గు దుమ్ము మెల్లగా తేలుతుండేది. పెరట్లో మునగచెట్టు చుట్టూ ఆమె చప్పట్లు కొడుతూ ముందు, నేను అడుగులేస్తూ వెనక. ఆ గాజుల చప్పుడు వెంట నిద్రలో నడుస్తున్నట్టే ఉండేది. అంతలో గోడ మీది నుంచి మా దోస్తు, "ఏందిరో, నువ్వు గూడ పెండ్లిపిల్లవైనవా?" అన్నాడు. నామోషీ ముంచుకొచ్చింది. "నాకొచ్చిందక్కా, మీ ఆడోళ్లే అడుగులు తప్పుతున్నరు," అని మానేశాను.

పండుగ నాడు మైదానం నిండిపోయింది. కోలలు తాకుతున్నాయి, పాట సాగుతోంది, నేను కళ్లు మూసుకుని నన్ను నేను మెచ్చుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే షిఫ్టు సైరన్ మోగింది. నా చేతులు డ్యూటీకి బయల్దేరాయి! వడెక్కిన డోలక్ వెంట పాట, పాట వెంట ఆడవాళ్ల ఉరుకు. ఒకరి కోల ఇంకొకరి వేళ్ల మీద పడింది. పక్క క్వార్టర్ అవ్వ రొప్పుతూ, "ఓ పిలగా, మేం ఆడుతున్నమా, బస్సుకు ఉరుకుతున్నమా?" అని అరిచింది. జనం పగలబడి నవ్వారు. అక్క కళ్లలో నీళ్లు చూసి నా చేతులు ఆగిపోయాయి.

ఆమె వచ్చి నా మెడలోని డోలక్ తీసి పక్కన పెట్టి, తన కోలలు నా చేతిలో పెట్టింది. "జల్ది రా. నడువు." తాను నడుమ నిలబడి చప్పట్లు మొదలుపెట్టింది. ఇస్త్రీ ప్యాంటుతో, ఆడవాళ్ల మధ్య, సిగ్గుతో చచ్చిపోతూ అడుగేశాను. ఎక్కడి నుంచో మునగచెట్టు కింది నడక నా కాళ్లలోకి వచ్చింది. పాట మళ్లీ కుదుటపడింది. ఎవరో ఈల వేశారు. ఎంతసేపు తిరిగామో తెలియదు. దీపాలు వెలిగాక గానీ నాకు తట్టలేదు, నేను ఆడుతున్నది అక్క చోట్లో అని. ఆమె చివరి కోలాటం చప్పట్లతోనే అయిపోయింది. ఆడోళ్లే తప్పుతున్నరన్న మాటను నేను వెనక్కి తీసుకోనూ లేదు.

నేను రిటైరై చాలా ఏళ్లయింది. మోకాళ్ల నొప్పులతో అక్క మా ఇంటికొస్తే, పొద్దున్నే నా మోచేయి పట్టుకుని నడుస్తుంది. సైరన్ మోగుతుంది, నా కాళ్లు వడివడిగా పడతాయి. ఆమె నా చొక్కా పట్టి లాగుతుంది.

"ఆగురా. ఇప్పుడేం డ్యూటీ ఉన్నది నీకు?"

ఆమె వేళ్లు నా మోచేతి మీద మెల్లగా దరువేస్తుంటాయి. నేను మళ్లీ మొదటి అడుగు నుంచి మొదలుపెడతాను.