కొత్త బ్యాంకు మా వంక దాకా వచ్చింది

ఆ ఫోను వచ్చినప్పుడు నేను కాలేజీ స్టాఫ్ రూములో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. చేసినాయన రోడ్ల శాఖలో ఇంజినీరు. మా కాలేజీ ముందు రోడ్డు వేసినప్పుడు పరిచయం.

“మేడం, ఎల్లుండి మీకు క్లాసులుండాయా? శింగనమల పక్కన ఒక ఊర్లో మీటింగు పెట్టినాము. రోడ్డుకు అప్పిచ్చే బ్యాంకు వాళ్లు చూసేదానికి వస్తాండారు. వాళ్ల ఇంగ్లీషును తెలుగులో చెప్పేదానికి విజయవాడ నుంచి రావాల్సినాయనకు జ్వరమంట.”

“ఏ బ్యాంకు?” అన్నాను.

“అదే మేడం, బీజింగుది. చైనావాళ్లు ముందుండి పెట్టినారు కదా, కొత్తది.”

దిద్దుతున్న పేపరు పక్కన పెట్టేశాను. “వస్తాను” అని గట్టిగా అనేశాను. రోడ్డు మీటింగుకు ఇంత సంబరం ఏమిటని పక్క టేబుల్ దగ్గరి సహోద్యోగి నవ్వింది. ఆమె చెప్పేది కెమిస్ట్రీ. నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఇరవై ఏళ్లుగా అర్థశాస్త్రం చెబుతున్నాను. అందులో ఒక పాఠం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో ఎక్కడో అమెరికాలో ఒక హోటల్లో కూర్చొని దేశాలకు అప్పులిచ్చే రెండు పెద్ద సంస్థలు పెట్టారనీ, ఒకదానికి అమెరికా వాళ్లు, ఇంకోదానికి యూరప్ వాళ్లు పెద్దలుగా ఉండటం ఆనవాయితీ అయిందనీ, వాటా ఎక్కువున్న దేశం మాటే ఎక్కువ చెల్లుతుందనీ ఆ పాఠం. ప్రతి ఏడాదీ వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అడుగుతారు: “మరి మిగతా దేశాలు ఊరికే ఉంటాయా మేడం?” నేను ప్రతి ఏడాదీ ఒకే జవాబు చెప్పేదాన్ని: “ఇప్పటికి ఉన్నాయి.”

పదేళ్ల కిందట ఆ జవాబు పాతబడింది. ఆ సంస్థల్లో తన బలానికి తగిన చోటు దొరకలేదని చైనా వేరే బ్యాంకే పెట్టింది. చాలా దేశాలు చేరాయి, మన దేశమూ చేరింది. ఇదంతా నేను పేపర్లలో కత్తిరించి ఫైలులో పెట్టుకున్న సంగతి. ఫైలులో ఉన్నది జీపెక్కి శింగనమల వస్తుందని మాత్రం అనుకోలేదు.

సాయంత్రం ఇంటికి పోయి నాయనకు చెప్పాను. నాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా పైకి చదివే మనిషి.

“అదేందిమ్మా,” అన్నాడు కళ్లజోడు పైకి తోసి, “బార్డర్‌లో మనోళ్లూ వాళ్లూ కొట్టుకుంటాండారు. ఈడ వాళ్ల దుడ్లతో రోడ్డా?”

“వాళ్ల దుడ్లు ఒక్కటే కాదు నాయనా. మన దేశం వాటా కూడా ఉంది. వాళ్ల తర్వాత మనదే ఎక్కువ.”

“అట్లనా?” అన్నాడు. “ఏ ఊరన్నావు?”

ఊరి పేరు చెప్పాను. నాయన కుర్చీలో ముందుకు జరిగాడు. “ఆ రూట్లో నేను ఆరేండ్లు తోలినాను. ఊరి ముందర బస్సు తిప్పుకొని వచ్చేసేది. అవతల వానొస్తే పొంగే వంక ఉండాది, వంకకు ఆ పక్క కాలనీ ఉండాది. ఆ కాలనీకి నేను ఒక్కసారి గూడా బస్సు తోలలేదు. నేనూ వస్తాను.”

మీటింగు రోజు పొద్దున్నే ఇద్దరం ఇంజినీరు జీపులో బయల్దేరాం. వేరుశనగ పైరు ఎండకు వాడి, ఆకులు ముడుచుకొని ఉంది. నాయన దారి పొడవునా ప్రతి మలుపుకూ ఒక కథ చెబుతున్నాడు. నేను వినడం లేదు. గ్రాంటుకూ లోనుకూ తేడా, కల్వర్టుకు తెలుగులో ఏమనాలి, ‘స్టేక్‌హోల్డర్’ అంటే ఎవరు అని నాలో నేను గొణుక్కుంటున్నాను.

ఊరి బడి వరండాలో టిఫిన్ ఏర్పాటు చేశారు. బ్యాంకు నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకాయన ఢిల్లీ నుంచి వచ్చిన మనవాడే, ఫోటోలు తీసుకుంటూ తిరుగుతున్నాడు. రెండో ఆమె చైనా ఆమె. పొట్టిగా, నలభై దాటిన మనిషి. దుమ్ము పట్టిన బూట్లు, మెడలో ఎండకు కట్టుకునే గుడ్డ, చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు. ఆకులో బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెడితే నిలువుగా చీల్చిన మిరపకాయ బజ్జీని సగానికి కొరికింది. ముఖం ఎర్రబడింది. కళ్ల నుంచి నీళ్లు కారాయి. అందరం ఊపిరి బిగపట్టి చూస్తున్నాం. మిగతా సగం కూడా తినేసి ఇంకొకటి కావాలని చెయ్యి చాపింది. వరండా అంతా గొల్లున నవ్వింది. “మా వైపు కూడా కారమే తింటాం” అని ఆమె ఇంగ్లీషులో అన్నది నేను గట్టిగా తెలుగులో చెప్పాను. ఆ రోజు నేను చేసిన మొదటి అనువాదం అదే. దాంతో నా బెరుకు పోయింది.

మీటింగు మొదలైంది. రోడ్డు ఎంత వెడల్పు, ఎవరి పొలం గట్టు ఎంత పోతుంది, పని ఎప్పుడు మొదలవుతుంది అని ఇంజినీరు గోడకు తగిలించిన ప్లాను కాగితం చూపిస్తూ చెప్పాడు. ఎవరైనా అడగాలనుకుంటే అడగండి అన్నారు. మొదట లేచింది నాయనే.

“అమ్మా, నాకొకటి చెప్పు. ఆ అమెరికా బ్యాంకులో పెత్తనం వాళ్లదే అంటారు. మీ బ్యాంకులో పెత్తనం ఎవరిది?”

ఇంజినీరు ముఖంలో రంగు మారింది. నేను నవ్వాపుకుంటూ ఇంగ్లీషులో చెప్పాను. ఆమె కోప్పడలేదు. వేళ్లు లెక్కపెడుతూ, సూటిగా చెప్పింది. అందరికంటే ఎక్కువ వాటా తమ దేశానిదేననీ, దాని తర్వాత భారతదేశానిదనీ, అధ్యక్షుడు ఇప్పటిదాకా తమ దేశం ఆయనేననీ చెప్పింది. “కానీ ఈ బ్యాంకు పెట్టినప్పుడు నియమాలు రాసిన బల్ల దగ్గర మీ దేశం వాళ్లు కూడా కూర్చున్నారు. పాత బ్యాంకుల నియమాలు రాసినప్పుడు మా మాటా, మీ మాటా ఇంత నడవలేదు” అంది.

ఆ మాటలు తెలుగులో చెప్పాను. ఇరవై ఏళ్లు నల్లబల్ల మీద బాణం గుర్తులు వేసి చెప్పిన సంగతి, ఒక మనిషి నోటి నుంచి వచ్చి నా నోటి గుండా మా మనుషుల చెవుల్లో పడుతోంది.

నాయన తలూపాడు. “అంటే ఆడా ఒక పెద్దన్న ఉండాడు. కానీ మనకూ కుర్చీ ఏసినారు. సరే, బాగుండాది” అని కూర్చున్నాడు.

అప్పుడు వెనక, గోడ వారగా నిలబడ్డ ఆడవాళ్లలోంచి ఒకామె ముందుకొచ్చింది. యాభై ఏళ్లుంటాయి. కూలి పనికి పోయే మనిషి. చంకలో చిన్న పిల్ల. కొంగు దోపుకొని మాట్లాడటం మొదలుపెట్టింది. ఆపలేదు.

“మాది వంక అవతల కాలనీమ్మా. మీ రోడ్డు ఊరి కాడికొచ్చి నిలబడిపోతాదని ఆ కాగితంలో గీత చూస్తేనే తెలిసింది. మేము మనుషులం కాదా? పోయిన వానల్లో మా కోడలికి నొప్పులొచ్చినాయి. వంకలో మోకాటికి పైన నీళ్లు. ఆంబులెన్సు ఈ గడ్డన నిలబడి హారన్ కొడ్తాండాది. మంచం మీద ఏసుకొని నలుగురు మోసినారు. నేను ముందర కట్టె పట్టుకొని లోతు చూస్తా నడిచినా. గడ్డకు చేరేలోపల ఈ పిల్ల పుట్టేసింది, మంచం మీదనే, నీళ్ల నడుమ. బతికినాది, దేవుని దయ. ఇంకొకరి పిల్ల బతకాలంటే ఏం చేస్తారో ఆమెను అడుగమ్మా. యాల ఆ గీత మా కాడికి రాదో అడుగు.”

ఇంజినీరు నా పక్కకు వంగాడు. “మేడం, అది ఈ ప్లానులో లేదు. వేరే డిపార్టుమెంటు విషయం. ఇప్పుడు లేపితే ఫైలంతా మళ్లా మొదటికొస్తాది. ‘కాలనీకి కూడా రోడ్డు కావాలంటాంది’ అని ఒక్క ముక్క చెప్పి ముగించేయండి.”

ఆయన చెడ్డవాడు కాదు. రెండేళ్లు తిరిగి ఆ ఫైలును అంతదాకా తెచ్చినవాడు. ఒక్క క్షణం నేనూ తటపటాయించాను. రోడ్డే ఆగిపోతే ఈ ఊరివాళ్లు నన్ను తిట్టరా? కానీ ఆమె నా ముఖం వైపే చూస్తోంది. తన మాటల్లో నేను ఏవి ఇస్తానో, ఏవి దాచుకుంటానో కనిపెడుతున్నట్టు చూస్తోంది.

మొత్తం చెప్పాను. మంచం, కట్టె, హారన్, నీళ్ల నడుమ పుట్టిన పిల్ల, అన్నీ. ‘మేము మనుషులం కాదా’ అన్నది కూడా. నా ఇంగ్లీషులో అక్కడక్కడ తప్పులు దొర్లాయి. పట్టించుకోలేదు.

చైనా ఆమె రాసుకుంటున్న పుస్తకం మూసింది. “ఎంత దూరం?” అంది.

“నడిస్తే పది నిమిషాలు” అంది కాలనీ ఆమె, నేను అడిగితే.

చైనా ఆమె అప్పటికే లేచింది. దాంతో వరండా ఖాళీ అయింది. ఎండలో ఊరంతా మా వెనక. ముందు ఆ కాలనీ ఆమె, పక్కనే చైనా ఆమె, నడుమ నేను. నాయన వెనక నుంచి “నిదానంగా పోండమ్మా, రాళ్లుండాయి” అని కేకలు. నాకు నలభై ఎనిమిదేళ్లు. బడి వదిలిన పిల్లలా ఉరకాలనిపించింది.

దారిలో చైనా ఆమె నాతో మెల్లగా చెప్పింది. తమది కొండల్లో ఊరు. తన చిన్నప్పుడు ఆ ఊరికి రోడ్డు వచ్చింది పాత బ్యాంకు అప్పుతోనే, ఆ అమెరికా బ్యాంకు అప్పుతోనే. దొరలు వచ్చి ఇలాగే మీటింగు పెట్టారు. “మా నాయనమ్మ చాలాసేపు మాట్లాడింది. చేతులు ఊపుతూ, ఏడుస్తూ మాట్లాడింది. అనువాదం చేసే ఆయన మాత్రం ఒక్క వాక్యం చెప్పి ఊరుకున్నాడు. మా నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా కనిపెట్టేసింది. ఇంటికొచ్చి, నా మాటలు మిగతావి ఏమైనాయి అని అడిగింది. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది అందుకే.”

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె కూడా గట్టిగా పట్టుకుంది.

వంకలో నీళ్లు లేవు, ఇసుక ఉంది. కాలనీ ఆమె పిల్లను నా చేతిలో పెట్టి ఇసుకలోకి దిగింది. నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో గట్టు మీద పట్టిన మట్టి చార చూపించింది. మంచం ఎక్కడ ఆగిందో చూపించింది. చైనా ఆమె బూట్లతోనే దిగి టేపు పట్టింది. రెండో కొస కాలనీ ఆమె పట్టుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. “ఆపక్క, ఇంగా ఆపక్క” అని ఈమె అంటుంటే ఆమె జరుగుతోంది. నన్ను ఎవరూ పిలవలేదు. చివరికి ఇంజినీరు కూడా ప్యాంటు మడిచి దిగాడు. “ఈడ వెడల్పు తక్కువుండాది మేడం, పనైతాది” అన్నాడు. ఆ మాట ఆయనే ముందు అన్నాడని ఇప్పటికీ ఆయన గుర్తు చేస్తుంటాడు.

అనుకున్నంత తేలిగ్గా ఏమీ కాలేదు. ఫైలు నిజంగానే వెనక్కి పోయింది. రెండు శాఖలు నాది కాదంటే నాది కాదన్నాయి. ఊరిలో కొందరు నన్ను తిట్టుకున్నారు కూడా. నాయన తనకు తెలిసిన పాత డ్రైవర్లందరి చేతా అర్జీ మీద సంతకాలు పెట్టించి కలెక్టరేటుకు నాలుగుసార్లు తిరిగాడు. బీజింగు నుంచి రెండుసార్లు ఉత్తరం వచ్చింది, కాలనీ సంగతి ఏమైందని. ఏడాది దాటాక ప్లానులో గీత పొడుగైంది. మేము అడిగిన ఎత్తు వంతెన రాలేదు. గొట్టాలు పెట్టి, పైన సిమెంటు వేసిన చిన్న దాటు వచ్చింది. పెద్ద వరద వస్తే అది కూడా మునుగుతుందేమోనని నాకు భయం ఉంది. దాచను.

ఈ జూన్‌లో తొలి వాన గట్టిగా పడింది. మధ్యాహ్నం నేను క్లాసుకు లేస్తుంటే ఫోను మోగింది. కాలనీ ఆమె.

“మేడం, ఇను,” అంది. ఫోనులో హోరు. నాకు మొదట అర్థం కాలేదు. “నీళ్లు కింద పోతాండాయి. నేను దాటు పైన నిలబడుండా. ఊర్లో అందరూ ఈడే ఉండారు, చూసేదానికి. మీ నాయనకు చెప్పు. ఆ చైనామ్మకూ చెప్పు, ఆమె నెంబరు నీ కాడ ఉండాది కదా?”

ఉంది. స్టాఫ్ రూము తలుపు దగ్గర నిలబడే, ఆ హోరును రికార్డు చేసి చైనా ఆమెకు పంపించాను. క్లాసుకు పది నిమిషాలు ఆలస్యంగా పోయాను.