వేలంలో పాడుకున్న చార్జరు

ప్రత్తిపాడులో మా చర్చి చుట్టూ ఉన్న గోరింట కంచెను నాటింది మా అమ్మ. నీళ్ళు మోసింది నేను. దాన్ని పీకించి, చీమకుర్తి నుంచి రాతి పలకలు తెప్పించి గోడ కట్టిద్దామని సంఘ పెద్ద అన్న రోజున నాకు అన్నం సయించలేదు. ఆయన నాకు వరసకు బాబాయి. ఆయన మాటలో అబద్ధమూ లేదు. కంచె ఇష్టమొచ్చినట్టు పెరిగి దారి మీదికి వచ్చేసింది. కొయ్యడానికి మనుషులు లేరు, అందరూ మిరప కోతల్లో ఉన్నారు. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, పెద్ద కత్తెర పట్టుకుని నేనే దిగితే కాసేపటికే భుజం పట్టేసింది. కోత పండుగ దాకా చూస్తాం, అప్పటికీ ఇలాగే ఉంటే రాళ్ళకు చెప్పేస్తాం అన్నారు సంఘం వాళ్ళు.

సరిగ్గా అప్పుడే, గుంటూరులో మా చెల్లెలి అపార్ట్‌మెంట్ కింద చెత్త డబ్బాల పక్కన నాకు అది కనపడింది. కంచెలు కత్తిరించే బ్యాటరీ మిషను. ఇల్లు ఖాళీ చేసిన వాళ్ళెవరో పారేశారట. వాచ్‌మన్‌ను అడిగి, తుడిచి, చంకలో పెట్టుకుని బస్సెక్కాను. దాని పళ్ళు చూసి నా పక్కన ఎవరూ కూర్చోలేదు. చార్జరు లేనిదాన్ని ఏం చేసుకుంటావక్కా, గోడకు తగిలిస్తావా అని నేను బయల్దేరేదాకా చెల్లెలు నవ్వుతూనే ఉంది.

ఆ చార్జరు కోసం గుంటూరులో సెల్ షాపులన్నీ ఎక్కి దిగాను. ఒకతను మిషనును అటూ ఇటూ తిప్పి, ఇది ఏ మోడల్ ఫోను మేడమ్ అని అడిగాడు. ఇంకొకతను కొత్త మిషను కొనుక్కోండి, చార్జరు దాంతోనే వస్తుంది అన్నాడు. సత్తెనపల్లి దాకా వెళ్ళొచ్చాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావని మా ఆయన విసుక్కున్నాడు గానీ, నాకు ఆ తిరుగుడు భలే సంబరంగా ఉంది.

చివరికి మా పాస్టరు అయ్యగారిని బతిమాలి, ఆరాధన చివర ప్రకటనల్లో చెప్పించాను. టీచరు గారి మిషనుకు చార్జరు కావాలి, మీ ఇళ్ళల్లో ఉన్నవి వచ్చే ఆదివారం పట్టుకురండి, పెట్టి చూసి తిరిగి ఇచ్చేస్తారు అని ఆయన చదివారు. వచ్చే ఆదివారమే కోత పండుగ. ఆ రోజు చర్చిలోకి తెచ్చిన వస్తువు ఏమవుతుందో ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

కోత పండుగనాడు మావాళ్ళు తొలి పంట తెచ్చి వేదిక ముందు చాప మీద పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, వచ్చింది చర్చికి. ఆ ఉదయం మిరపకాయల బుట్టలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వాటి మధ్య చార్జర్లు. మందు కొట్టే స్ప్రేయర్లవి, టార్చిలైట్లవి, దోమల బ్యాట్లవి. ఒక కోడి అప్పటికే వైరులో చిక్కుకుంది. నేను ముందే వెళ్ళి చాప పక్కన కూలబడి, ఒక్కొక్కటీ నా మిషనుకు పెట్టి చూశాను. ఒక్క నల్లదాని పిన్ను పట్టింది. దాని మీద వోల్టుల అంకెలు మిషను వెనక ఉన్నవాటితో పాయింటుతో సహా కలిశాయి. పక్కకు తీసి పెట్టుకునేలోపు ఆరాధన పాట మొదలైంది, దాన్ని చాప మీదే వదిలి లేచి నిలబడ్డాను. అయ్యగారు అలవాటు కొద్దీ చాప మీదికి చెయ్యి చాపి అన్నిటికీ కలిపి ప్రార్థన చేసేశారు. ఇక అవన్నీ కానుకలే.

వేలం వేసేది ఏటా బాబాయే. ఊపులో ఉంటే ఆయన చేతికి ఏది తగిలితే అది ఎత్తుతాడు. గుమ్మడికాయ తరవాత నా నల్ల చార్జరు ఎత్తాడు. మంచి సరుకు, కొత్తది, వాడింది కూడా లేదు అని పొగిడాడు. నేను ఎత్తిన చెయ్యి దించలేదు. మూడోసారి అని ఆయన బల్ల గుద్దాక ఆడవాళ్ళ వైపు నుంచి పిన్ని లేచింది.

“ఏవయ్యో, అది మన స్ప్రేయర్ది. నేనే తెచ్చా.”

చర్చి చర్చంతా నవ్వింది. అయ్యగారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ప్రార్థన అయినదాన్ని వెనక్కి అడగడానికి సంఘ పెద్దకు నోరు రాలేదు.

మధ్యాహ్నం ఆయన స్ప్రేయరు వీపున తగిలించుకుని మా వరండాలోకి వచ్చాడు. చేలో పురుగు పడిందని, మందు కొట్టాలని, ఓ గంట చార్జింగ్ పెట్టుకోనివ్వమని అడిగాడు. ముందు నా మిషను ఎక్కాలి బాబాయ్ అన్నాను. ఎర్ర లైటు వెలిగింది. ఇద్దరం చెరో కుర్చీ లాక్కుని దాన్నే చూస్తూ కూర్చున్నాం. పచ్చ లైటు వచ్చేసరికి మిషను ఆయన చేతిలో ఉంది, నేను ఇవ్వలేదు.

చర్చి దగ్గర ఒక్క నొక్కు నొక్కాడు. రయ్యిమంది. గోరింట రెమ్మలు ఆయన తల మీదా చొక్కా మీదా పడుతున్నాయి, కంచె తాడు పట్టినట్టు తిన్నగా వస్తోంది. పచ్చి ఆకు వాసనకు అమ్మ గుర్తొచ్చింది, ఏడుపొచ్చింది, నవ్వూ ఆగలేదు. జనం చేరారు. వాళ్ళలో ఒకడు, రాళ్ళ లారీకి ఎప్పుడు చెప్పమంటారని అడిగాడు. బాబాయి మిషను ఆపి, వాణ్ణి ఎగాదిగా చూశాడు.

“గోడ కడితే దీంతో ఏం కొయ్యమంటావురా?”