మూడు గేమ్‌లు, మూడు ఎర్ర పూలు

దెయ్యం చూశామని ఎవరైనా చెప్తే, మీ ఇంట్లో వైరింగ్ ఎప్పుడు మార్చారని అడిగే రకం నేను. కోయంబత్తూరులో మోటారు పంపులు చేసే కంపెనీలో పదకొండేళ్లుగా టెస్టింగ్ విభాగంలో ఉన్నాను. పంపు వణుకుతోందంటే ఎందుకు వణుకుతోందో కనుక్కోవడమే నా ఉద్యోగం. కారణం లేకుండా ఏదీ వణకదు. కొత్తగా చేరే వాళ్లకు మొదటి రోజు నేను చెప్పే మాట అదే.

అలాంటి నేను ఒక్క వణుకుకు మాత్రం ఇంతవరకూ కారణం చెప్పలేకపోతున్నాను.

ముందే ఒక మాట. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. ఈ అక్షరాలు ముప్పై దాటాక ఆఫీసు బస్సులో కూర్చుని నేర్చుకున్నవి. రాతలో తప్పులుంటే సర్దుకోండి. విషయంలో మాత్రం తప్పు లేకుండా చూసుకున్నాను.

పెళ్లయిన ఆరేళ్లలో నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండూ ఐదో నెలలోనే పోయాయి. మూడోసారి నాలుగో నెలలోనే గర్భసంచి మూతికి కుట్టు వేసి, కాన్పు దాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈసారి కూడా పోతే మళ్లీ ప్రయత్నించే ధైర్యం నాకు లేదు. ఆ మాట నేను పైకి అనలేదు, మా ఆయనా అనలేదు, కానీ ఇద్దరికీ తెలుసు.

అన్నూరులో మా అమ్మ ఇంటికి చేర్చారు. ఇంట్లో అమ్మ, అమ్మకు అమ్మ అయిన మా అవ్వ, అంతే. నాన్న పోయి చాలా కాలమైంది. మా ఆయన ఉద్యోగం కోయంబత్తూరులో, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున వెళ్లేవాడు. మొదటి వారమే నా టీవీ, గేమ్ పెట్టె మోసుకొచ్చి మంచానికి ఎదురుగా బిగించాడు.

ఆ గేమ్‌ల సంగతి చెప్పాలి. నాకు కాలేజీ రోజుల నుంచి ఆ పిచ్చి ఉంది. సేల్ పెట్టారంటే చాలు, నాలుగైదు కొనేసేదాన్ని. ఆడటానికి తీరిక ఏది? అలా కొని ముట్టుకోనివి పేరుకుపోయాయి. మంచం మీద కూర్చుని ఒకరోజు జాబితా మొత్తం చూస్తే నూట పద్నాలుగు ఉన్నాయి. నాకే సిగ్గేసింది.

అవ్వకు చెప్తే పెద్దగా నవ్వింది. "విస్తరిలో వడ్డించుకున్నాక తిని లెయ్యాల గదే. కొనింది నువ్వే, ముగించేదీ నువ్వే" అంది.

సరే, కాన్పులోపు వీలైనన్ని ముగిద్దామని పూనుకున్నాను. కానీ ఏది ఆడాలో తేలేది కాదు. జాబితా పైకీ కిందకీ జరుపుతూ గంట గడిపేసి, ఏదీ మొదలుపెట్టకుండానే విసుగొచ్చి ఆపేసేదాన్ని. అది చూసి చూసి అవ్వే ఒకరోజు, "సుమ్మా ఎందుకే తన్నుకులాడతావు? పూలు వేసి అడుగుదాం" అంది.

పూలు వేసి అడగడం మా పక్క పాత పద్ధతి. ఒక కాగితంలో తెల్ల పువ్వు, ఇంకో కాగితంలో ఎర్ర పువ్వు పెట్టి, రెండూ ఒకేలా కనిపించేట్టు పొట్లాలు కట్టి సామి ముందు వేస్తారు. రంగు తెలియని వాళ్ల చేత ఒకటి తీయిస్తారు. తెల్లది వస్తే చెయ్యి, ఎర్రది వస్తే వద్దు. పొలంలో బోరు వేయాలన్నా, పిల్లకు సంబంధం ఒప్పుకోవాలన్నా అడిగేవాళ్లు. మా అమ్మ సంబంధం కూడా అలా తెల్ల పువ్వు వచ్చాకే ఖాయమైందట.

అమ్మ మండిపడింది. "కారమడై రంగనాథుడు నీకు వీడియో గేమ్ ఏరిపెట్టేదానికా ఉండేది?" అని అరిచింది. అవ్వ ఏమాత్రం తొణకలేదు. "ఆయనకూ పొద్దు పోవద్దా?" అంది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. పొద్దున పదింటికి పెరట్లో నందివర్ధనం ఒకటి, ఎర్ర గన్నేరు ఒకటి కోసుకొచ్చి, అమ్మే గొణుక్కుంటూ పొట్లాలు కట్టేది. నేను ఒక గేమ్ పేరు చెప్పేదాన్ని. అవ్వ తీసేది. అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు, వెలుగూ నీడా తప్ప రంగు తెలియదు. అంతకంటే నిజాయితీగా తీసే మనిషి ఎక్కడ దొరుకుతుంది? ఎర్ర పువ్వు వస్తే ఆ గేమ్ పక్కన పెట్టి ఇంకోటి అడిగేవాళ్లం. ఏ రోజూ రెండో పేరు దాటలేదు.

నేను నమ్మి చేయలేదు. చీటీ తీసినట్టే అనుకున్నాను. కానీ పని బాగా జరిగింది. మూడు నెలల్లో ముప్పై ఎనిమిది ముగించాను. దీవిలో టీ కొట్టు నడిపేది, పాత రైలింజన్లు బాగుచేసేది, అరగంటకే దొంగెవడో తెలిసిపోయే డిటెక్టివ్ కథ, ఇలా ఏది వస్తే అది. కడుపు గురించి భయపడే తీరిక లేకుండా పోయింది. ఆ మేలు మరిచిపోలేను.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. గేమ్‌లో ఏదైనా గుద్దుకుంటే చేతిలోని కంట్రోలర్ బర్రుమని వణుకుతుంది. నేను దాన్ని పొట్ట మీద ఆనించుకుని ఆడేదాన్ని. ఆరో నెల చివర్లో ఒకసారి అది వణకగానే లోపలి నుంచి ఠక్కున ఒక తన్ను వచ్చింది. నా ఉద్యోగ బుద్ధి ఊరుకుంటుందా? పదిసార్లు పరీక్షించాను. ఎనిమిదిసార్లు జవాబు వచ్చింది. అవ్వ చెయ్యి పెట్టి చూసి, "అడి ఆత్తే! బిడ్డా ఆడతా ఉండాది!" అని మురిసిపోయింది.

నా తప్పు కూడా అక్కడే మొదలైంది. ఏడో నెల నుంచి రోజూ మధ్యాహ్నం తిన్నాక బిడ్డ కదలికలు లెక్కపెట్టమని డాక్టరమ్మ చెప్పింది. ఆడుతున్నంతసేపూ బిడ్డ పలుకుతూనే ఉందిగా అని, నేను విడిగా లెక్కపెట్టడం మానేశాను. ఆట ఉంటే లెక్క దానంతట అదే ఉండేది. ఆట లేని రోజు ఏమవుతుందో ఆలోచించలేదు.

ఎనిమిదో నెలలో ఒక అమావాస్య వచ్చింది. ఆంధ్రలో అమావాస్య మంచిది కాదంటారట. ఇక్కడ మాకు బండి కొనాలన్నా, కొట్టు తెరవాలన్నా అదే మంచి రోజు. కాబట్టి అమావాస్య అని భయపడ్డానని ఎవరూ అనుకోవద్దు.

ఆ రోజు పూలు అడిగాం. మొదటి గేమ్‌కు ఎర్ర పువ్వు వచ్చింది. రెండోదానికీ ఎర్రదే. మూడోదానికీ ఎర్రదే వచ్చింది. మూడుసార్లు వరసగా రావడం ఎనిమిదింటిలో ఒక వంతు అవకాశం, అందులో వింతేమీ లేదు, అన్నాళ్లూ రాకపోవడమే వింత. కానీ అవ్వ పొట్లాలు పక్కకు నెట్టేసింది. "ఈ పొద్దు వద్దంట. విడువు" అంది. నాకు ఒళ్లు మండింది. టీవీకీ గేమ్ పెట్టెకూ ప్లగ్గు పీకేయమని అమ్మకు చెప్పి, అలిగి పడుకున్నాను. భోజనం చేసి మళ్లీ నిద్రపోయాను.

లేచేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వెనక వీధిలో పవర్‌లూమ్ షెడ్డు ఒకటుంది, దాని చప్పుడుకు మా కిటికీ అద్దాలు కూడా అదురుతాయి. ఆ రోజు అమావాస్య పూజ చేసి పొద్దునే మూసేశారు. అమ్మ వంటింట్లో ఉంది, నా ఫోన్ అక్కడే ఛార్జింగ్‌లో ఉంది. అవ్వ నా గదిలోనే కింద కూర్చుని మునగాకు దూస్తోంది. నేను అలవాటు కొద్దీ కంట్రోలర్ తీసుకుని పొట్ట మీద పెట్టుకున్నాను. ఆడటానికి కాదు, ఊరికే.

అది వణికింది.

ఒకసారి చిన్నగా వణికి ఆగింది. తర్వాత పొడుగ్గా, గేమ్‌లో దేన్నో గట్టిగా గుద్దినట్టు. టీవీ వైపు చూశాను. నల్లగా ఉంది. ప్లగ్గులు కింద వేలాడుతున్నాయి. గోడ గడియారం చూశాను, నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

"ఏమే అది, తుమ్మెద మాదిరి గుర్రుమనింది?" అంది అవ్వ తలెత్తి. కళ్లు కనిపించవు గానీ అవ్వ చెవులు పాము చెవులు.

నాకు భయం వేసింది కంట్రోలర్ వణికినందుకు కాదు. లోపలి నుంచి జవాబు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఒక్క తన్ను కూడా తెలియలేదని. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. చల్లటి నీళ్లు తాగాను. పొట్ట మీద తట్టాను. ఏమీ లేదు. "అమ్మా" అని పిలిచిన పిలుపుకు అమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, ఏమీ ఆలోచించకుండా వెంటనే బయల్దేరమంది. ఆస్పత్రి కోయంబత్తూరులోనే, మా ఆయన అక్కణ్ణుంచి వచ్చేదాకా ఆగే పని లేదు. "మాపిళ్ళ నేరుగా ఆస్పత్రికే రానీ, నువ్వు లెయ్" అని అల్లుడి సంగతి తేల్చేసి అమ్మ కారు తాళాలు అందుకుంది. మా అమ్మ కారు నడిపితే వెనక సైకిళ్లు హారన్ కొడతాయని మేం ఏడిపించేవాళ్లం. ఆ రోజు మధ్య దారిలో వచ్చే కోవిల్‌పాళెయం ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు. దారంతా "రంగనాథా, రంగనాథా" అంటూనే ఎదురొచ్చిన లారీ వాణ్ణి తమిళంలో తిట్టింది.

ఆస్పత్రిలో మిషన్ పెట్టి చూశారు. గుండె కొట్టుకుంటోంది, కానీ నిదానించిపోతోంది. బొడ్డుతాడు మెడకు రెండు చుట్లు బిగిసిందన్నది తర్వాత తెలిసింది. గంటలోపే ఆపరేషన్ చేశారు. నాకు నడుము దాకా మత్తు, తెర అవతల ఏం జరుగుతోందో తెలియదు. తర్వాత పిల్లి కూన అరిచినట్టు సన్నగా ఒక ఏడుపు వినిపించింది. నేను కూడా గొంతెత్తి ఏడ్చాను. అంత హాయిగా నా జన్మలో ఎప్పుడూ ఏడవలేదు.

ఆడపిల్ల. రెండు కిలోలు కూడా లేదు. పన్నెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచి ఇచ్చారు. రాత్రి దాకా చూద్దామని ఆగి ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదు. ప్లగ్గు పీకినా కంట్రోలర్‌లో బ్యాటరీలు ఉంటాయి, ఏదో లోపం వల్ల తనంతట తాను వణికి ఉంటుందని సరిపెట్టుకున్నాను. పిల్లను తీసుకుని అన్నూరు వచ్చాక, ఆ లోపమేదో చూద్దామని దాని వెనక మూత తీశాను. రెండు పెన్సిల్ బ్యాటరీలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది.

రెండోది ఎక్కడని అమ్మను అడిగితే, గోడ గడియారం చూపించింది. అమావాస్య నాటికి గడియారం ఆగిపోయి మూడు రోజులైందట. ఆ రోజు పోయిన పెద్దలకు పడయల్, అంటే నైవేద్యం, పెట్టేలోపు టైము కావాలని, నేను అలిగి పడుకున్నప్పుడు, పదకొండింటికి ఒక బ్యాటరీ తీసి దానిలో వేసిందట. "ఎట్లాగూ ఈ పొద్దు నువ్వు ఆడేది లేదు గదా అని తీస్తిని" అంది.

నాలుగుకు పది నిమిషాలని నేను చూసిన గడియారం, ఆ కంట్రోలర్‌లోంచి తీసిన బ్యాటరీతోనే నడుస్తోంది.

నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. ఒక్క బ్యాటరీతో అది పనిచేయదు. విప్పి చూశాను. లోపల రెండు చిన్న మోటార్లు, వాటికి ఒక పక్క బరువు ఉన్నాయి. కరెంటు లేకపోతే తిరగవు. షెడ్డు మూసి ఉంది. ఫోన్ వంటింట్లో ఉంది. నా నరం అదిరిందనుకుందామంటే చప్పుడు అవ్వకు కూడా వినిపించింది. ఆట నడుస్తూ ఉంటే ఆ వణుకు నూటిలో ఒకటిగా కలిసిపోయేది, నేను పట్టించుకునేదాన్ని కాదు. ఆ మూడు ఎర్ర పూల గురించి అందుకే ఆలోచిస్తాను. కానీ ఆట ఉంటే బిడ్డ పలకడం లేదని ఇంకా ముందే తెలిసేదేమో కూడా, ఏమీ తేల్చలేను.

ఎవరు వణికించారు అవ్వా అని ఒకసారి అడిగాను. "పిలిచింది ఎవరైతే ఏమే? పలికితివి గదా, చాలు" అని మునగాకు దూసుకుంటూ కూర్చుంది.

పాపకు ఇప్పుడు రెండేళ్లు. ఉద్యోగంలో మళ్లీ చేరాను. గేమ్‌లు ఇంకా అరవై పైనే మిగిలి ఉన్నాయి, సిగ్గు లేకుండా మొన్న ఇంకో రెండు కొన్నాను. వద్దన్న ఆ మూడింటిని మాత్రం చాలా కాలం ముట్టలేదు. పోయిన నెల అన్నూరు వెళ్లినప్పుడు మళ్లీ పూలు వేయించాను. ఈసారి గొణక్కుండా అమ్మ పొట్లాలు కట్టింది. మొదటిదానికే అవ్వ తెల్ల పువ్వు తీసింది.

అదొక పడవ పందెం గేమ్. ఏదైనా కనిపిస్తుందేమోనని భయం భయంగానే మొదలుపెట్టాను. ఏమీ లేదు, చాలా మామూలు గేమ్, బొమ్మలు కూడా అంత బాగా లేవు. నాకు ప్రాణం లేచొచ్చింది. పాప నా ఒళ్లో అడ్డంగా పడుకుని నిద్రపోతోంది. పడవ గట్టుకు గుద్దుకుంది. కంట్రోలర్ బర్రుమంది, ఈసారి రెండు బ్యాటరీలతో.

పాప నిద్రలోనే కాలు విదిలించి నా పొట్ట మీద ఒక్క తన్ను తన్నింది.

గేమ్ ఆపేసి చాలాసేపు ఆ కాలు పట్టుకుని కూర్చున్నాను.